ఏ ఎండకా గొడుగు: లెక్సస్ ఆరెక్స్ పాతికేళ్ళ కథ

ముందుగా ఓ పొడుపుకథ. ఓడ దిగేటప్పుడు కారు, పెట్రోలు లెక్కల్లో ట్రక్కు, కొనేవాడి కళ్ళకి కొండలెక్కే బండి, నడిపేవాడి నడుముకి మెత్తటి కామ్రీ. ఏమిటది?

జవాబు లెక్సస్ ఆరెక్స్. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి దీన్ని ప్రత్యేకంగా పరిచయం చెయ్యక్కర్లేదు. కాస్త పెద్ద ఊళ్ళో ఏ గుడి పార్కింగ్ లాట్‌కి వెళ్ళినా ఒకట్రెండు కనబడుతూనే ఉంటాయి. గ్రీన్ కార్డు, ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఆ తర్వాత ఆరెక్స్ అని ఓ వరస ఉందని సరదాగా అనుకోవడం కూడా మామూలే. నేను చెప్పబోయేది ఏ బండి కొనాలి అన్న సలహా కాదు. ఒక ప్రొడక్ట్ అయిదు వర్షన్లలో ఎలా మారింది, ఎక్కడ సరిగ్గా ఆలోచించారు, ఎక్కడ తప్పులో కాలేశారు, అన్నిటికీ మించి "యూజర్ అడిగాడు, ఇచ్చాం" అన్న మాట ఎంతవరకు సమర్థన అవుతుంది అన్నది. ఆ ప్రశ్న మన ఉద్యోగాల్లోనూ రోజూ ఎదురయ్యేదే కదా.

సరే, కథలోకి వెళ్దాం. 1990ల అమెరికా. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్, జీప్ గ్రాండ్ చెరొకీ లాంటివి వేడి పకోడీల్లా అమ్ముడవుతున్న రోజులు. అప్పటి ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం నిజానికి ట్రక్కులే. లారీకి ఉన్నట్టు అడుగున నిచ్చెన లాంటి ఇనప ఛాసీ, దానిమీద విడిగా చేసిన బాడీని బోల్టులతో బిగించడం. బరువులు లాగడానికి, రాళ్ళూ గుంటల్లో నడపడానికి ఆ పద్ధతి చాలా మంచిది. జీప్ వాళ్ళు మాత్రం 1984 నుంచే కొన్నిటికి విడి ఛాసీ లేకుండా చేస్తున్నారు గానీ, ఆ ఇరుసులూ ఆ కుదుపులూ ట్రక్కు తరహావే.

అయితే వీటిని కొనేవాళ్ళు చేస్తున్నదేంటి? పిల్లల్ని బడిలో దింపడం, సరుకులు తెచ్చుకోవడం, ఫ్రీవే మీద ఆఫీసుకెళ్ళడం. ఆ పనులకి ఈ బండి కుదుపెక్కువ, పెట్రోలు తాగుడెక్కువ. పైగా ఎత్తు వల్ల పల్టీ కొట్టే ప్రమాదం కూడా ఎక్కువే. ఆ ప్రమాదం ఎంతటిదో 2000లో లోకానికంతా తెలిసొచ్చింది. ఎక్స్‌ప్లోరర్‌కి వేసే ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టిన వ్యవహారంలో ఒక్క అమెరికాలోనే 270 మందికి పైగా చనిపోయారు. ఆ ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించారు. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ చాన్నాళ్ళు కొట్టుకున్నాయి. ఎవరిదైనా, కామ్రీ లాంటి కారుకి టైరు పేలితే జరిగేదానికీ ఎత్తైన ట్రక్కుకి పేలితే జరిగేదానికీ తేడా ఉందన్నది మాత్రం జనానికి అర్థమైంది.

టొయోటాకి ఈ సంగతి అంతకుముందే తెలుసు. లెక్సస్ బ్రాండు 1989లో అమెరికాలో మొదలైంది. 1996 మోడల్‌గా ఎల్ఎక్స్ 450 అనే ఎస్‌యూవీని తెచ్చారు. అది దాదాపుగా లాండ్ క్రూజరే, కొత్త బొట్టు పెట్టారంతే. గట్టి బండే, కానీ పెద్దది, ఖరీదైనది, అచ్చంగా ట్రక్కు. మరోపక్క అదే టొయోటా 1994లో జపాన్‌లో ఆర్ఏవీ4 అని చిన్న బండి తెచ్చింది. కారు తరహా నిర్మాణం, ఎస్‌యూవీ ఆకారం. ఆ ఆలోచనని పైమెట్టు ఎక్కిస్తే ఎలా ఉంటుంది? ఆ ప్రశ్నకి జవాబే ఆరెక్స్.

1997 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఎస్ఎల్‌వీ అన్న పేరుతో నమూనా చూపించారు. ఆ డిసెంబరులో జపాన్‌లో టొయోటా హ్యారియర్‌గా, 1998 వసంతంలో అమెరికాలో లెక్సస్ ఆరెక్స్ 300గా విడుదలైంది. (అన్నట్టు, టాటా వాళ్ళు 2019లో తెచ్చిన హ్యారియర్‌కీ దీనికీ చుట్టరికం లేదు, పేరు ఒకటే అంతే.) లోపలంతా కామ్రీ కుటుంబపు సామానే. ఛాసీ, బాడీ ఒకే డొల్లగా కలిపి చేసిన యూనిబాడీ. నాలుగు చక్రాలకీ విడివిడిగా కదిలే సస్పెన్షన్. 3 లీటర్ల వీ6 ఇంజిన్, 220 హార్స్‌పవర్. ముందు చక్రాలకే శక్తి వెళ్ళే రకం ఒకటి, నాలుగింటికీ వెళ్ళేది ఇంకోటి. కానీ నిజమైన కొండబండికి ఉండే లో-రేంజ్ గేర్లు లేవు. అంటే ఈ బండి కొండలెక్కదని దాన్ని చేసినవాళ్ళకి మొదట్నుంచీ స్పష్టంగా తెలుసు.

"ఇదేం ఎస్‌యూవీ, ఎత్తు చెప్పులేసుకున్న కామ్రీ" అని ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళన్నదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే అది తిట్టు కాదు, డిజైన్ డాక్యుమెంటు! యూజర్‌ని "నీకేం కావాలి" అని అడిగితే "కొండలెక్కాలి" అన్నాడు. అతని వెనకాలే వెళ్ళి చూస్తే వారంలో ఆరు రోజులు సూపర్‌మార్కెట్‌కే వెళ్తున్నాడు. ఎత్తులో కూచుని రోడ్డు చూడాలి, వెనక సామాను పట్టాలి, మంచులో జారకూడదు, నడుం నెప్పి రాకూడదు. నోటితో చెప్పిన రిక్వైర్‌మెంట్ కాకుండా బండి చక్రాలు చెప్పిన రిక్వైర్‌మెంట్ రాసుకున్నారు వీళ్ళు. పాతికేళ్ళ విజయానికి అసలు పునాది అదే.

ఇది ఎంత సరైన నిర్ణయమో పోటీదార్లని చూస్తే తెలుస్తుంది. 1997లోనే మెర్సిడెస్ ఎం-క్లాస్ వచ్చింది, ట్రక్కు తరహా విడి ఛాసీతో. 1999లో బీఎండబ్ల్యూ ఎక్స్5 యూనిబాడీతో వచ్చింది. 2005లో ఎం-క్లాస్ రెండో తరం వచ్చేసరికి మెర్సిడెస్ కూడా ఆ ఛాసీని వదిలేసి యూనిబాడీకి మారిపోయింది. మన భాషలో చెప్పాలంటే ఆర్కిటెక్చర్ మొత్తం తిరగరాసుకున్నారు. ఆరెక్స్‌కి ఆ అవసరం రాలేదు.

ఇక్కడిదాకా కథ వింటే టొయోటా వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఇప్పుడు పొడుపుకథలో మిగతా సగం.

1973 చమురు సంక్షోభం తర్వాత, 1975లో అమెరికా ఒక చట్టం చేసింది. ప్రతి కంపెనీ అమ్మే బండ్ల సగటు మైలేజీ ఇంత ఉండాలి అని. 1990ల్లో కార్లకి గ్యాలన్‌కి 27.5 మైళ్ళు (మన లెక్కలో లీటరుకి 11.7 కిలోమీటర్లు) ఉండాలి. ట్రక్కులు పాపం రైతులకీ మేస్త్రీలకీ పనిముట్లు కదా అని వాటికి సడలింపు ఇచ్చారు. 1996 నుంచి 2004 దాకా అది 20.7 మైళ్ళు (లీటరుకి 8.8). ఏది ట్రక్కు అన్న నిర్వచనంలో ఎస్‌యూవీలు దూరిపోయాయి. కామ్రీ ఇంజిన్‌తో, కామ్రీ అడుగుభాగంతో తయారైన ఆరెక్స్ కూడా ఆ లెక్కలో ట్రక్కే.

మరి ట్రక్కయితే దిగుమతి సుంకం 25 శాతం కట్టాలిగా? దాని వెనక కథ ఇంకా తమాషా. 1960ల్లో యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద సుంకం పెంచితే, దానికి బదులుగా అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం వేసింది. కోళ్ళ గొడవ ఎప్పుడో చల్లారిపోయింది, ట్రక్కుల మీద సుంకం మాత్రం ఉండిపోయింది. ఎప్పుడో ఎవరో తాత్కాలికంగా రాసిన కోడ్, తియ్యడానికి ఎవరికీ ధైర్యం చాలక ప్రొడక్షన్‌లో అలాగే ఉండిపోయినట్టు! అయితే 1989లో ట్రెజరీ శాఖ నాలుగు తలుపుల ఎస్‌యూవీలు ప్రయాణికుల వాహనాలే అని తేల్చింది. కాబట్టి అప్పట్లో జపాన్ నుంచి వచ్చిన ఆరెక్స్ మీద కార్లకుండిన 2.5 శాతమే పడింది. రేవులో ఒక శాఖ ముందు కారు, రేవు దాటగానే ఇంకో శాఖ ముందు ట్రక్కు. ఒకే ఆబ్జెక్ట్, రెండు ఇంటర్‌ఫేసులు. ఏ ఎండకా గొడుగు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇందులో చట్టాన్ని తప్పిందేమీ లేదు. టొయోటా ఒక్కటే చేసిందీ కాదు, డెట్రాయిట్ కంపెనీలు ఈ సందులోంచి అంతకుముందే ఏనుగుల్ని తోలుకెళ్ళాయి. కానీ ఆరెక్స్ ప్రత్యేకత ఏంటంటే, ట్రక్కు కొనేవాణ్ణి కాస్త నయమైన బండికి మార్చడంతోపాటు, హాయిగా సెడాన్ నడుపుకునేవాణ్ణి ట్రక్కు లెక్కలోకి లాక్కొచ్చింది. మొదటిది పుణ్యమైతే రెండోది అప్పు. మనం టెక్నికల్ డెట్ అంటాం చూడండి, అలాంటిది. ఆ తర్వాతి వర్షన్లన్నీ ఆ అప్పు కొంత తీర్చడం, కొంత మళ్ళీ చెయ్యడం.

రెండో తరం 2003లో వచ్చింది, ఆరెక్స్ 330. ఇంజిన్ 3.3 లీటర్లయింది. ఆ సెప్టెంబరులో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, కేంబ్రిడ్జ్ ఫ్యాక్టరీలో తయారీ మొదలైంది. జపాన్ బయట తయారైన మొట్టమొదటి లెక్సస్ ఇదే. నాణ్యతే మంత్రంగా జపిస్తూ పేరు తెచ్చుకున్న బ్రాండుకి అది చిన్న నిర్ణయం కాదు.

అసలు విశేషం 2005లో. ఆరెక్స్ 400హెచ్, హైబ్రిడ్. మొదటి హైబ్రిడ్ ఎస్‌యూవీ అనలేం, ఫోర్డ్ ఎస్కేప్ హైబ్రిడ్ 2004లోనే వచ్చింది. కానీ లగ్జరీ ఎస్‌యూవీల్లో ఇదే మొదటిది. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం వెనక చక్రాలది. మామూలు ఆల్ వీల్ డ్రైవ్ బండిలో ఇంజిన్ నుంచి వెనక్కి పొడవాటి షాఫ్టు ఉంటుంది. ఇందులో అది తీసేశారు. ముందు ఇంజిన్‌కి తోడు ఒక మోటారు, వెనక ఇరుసుకి వేరే మోటారు. రెంటికీ మధ్య తిరిగే ఇనప కడ్డీ ఏదీ లేదు, కరెంటు తీగలే. 288 వోల్టుల బ్యాటరీ, దాన్ని 650 వోల్టుల దాకా పెంచే సర్క్యూటు. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని పట్టి బ్యాటరీలో దాచుకుంటుంది కాబట్టి ఆగి ఆగి నడిచే ఊళ్ళోనే దీనికి లాభం. అంటే ఆ యజమాని నిజంగా తిరిగే చోటే! మళ్ళీ చక్రాలు చెప్పిన రిక్వైర్‌మెంటే విన్నారు.

విమర్శ కూడా ఉంది, అది సబబైనదే. 3.3 లీటర్ల ఇంజిన్‌ని చిన్నది చెయ్యకుండా అలాగే ఉంచి, దానికి మోటార్లు తగిలించారు. మొత్తం 268 హార్స్‌పవర్. దాచిన ఇంధనంలో కొంత వేగానికి ఖర్చుపెట్టారన్నమాట. జీతం పెరిగిన నెలలోనే ఈఎంఐ కూడా పెంచుకున్నట్టు.

మూడో తరం 2008 నవంబరులో లాస్ ఏంజెలెస్ షోలో చూపించి 2009లో అమ్మకానికి తెచ్చారు. ఈసారి హైబ్రిడ్ 450హెచ్‌లో ఇంజిన్‌నే మార్చారు. అట్కిన్సన్ సైకిల్ అంటారు. ఇన్‌టేక్ వాల్వుని ఆలస్యంగా మూసి, లోపలికి లాగే గాలి తగ్గించి, మండిన వాయువు మాత్రం పూర్తిగా వ్యాకోచించేలా చేస్తారు. గుంజే బలం కొంత తగ్గుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది. తగ్గిన బలాన్ని మోటారు పూడుస్తుంది. దాంతో ఊళ్ళో, హైవే మీద కలిపి గ్యాలన్‌కి 30 మైళ్ళ దగ్గరికొచ్చింది. 1998 ఆరెక్స్‌ని ఇప్పటి పద్ధతిలో కొలిస్తే 20 కూడా రాదు. అప్పులో అసలు కొంత తీరిందని ఒప్పుకోవాలి.

మన వృత్తివాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన తప్పు కూడా ఈ తరంలోనే జరిగింది. దాని పేరు రిమోట్ టచ్. స్క్రీనుని డాష్‌బోర్డులో పైకి, దూరంగా పెట్టారు, రోడ్డు మీంచి చూపు ఎక్కువ పక్కకి పోకూడదని. చెయ్యి అంతదూరం చాపక్కర్లేకుండా సీటు పక్కన మౌస్ లాంటి మీట పెట్టారు. దాన్ని కదిపితే స్క్రీన్ మీద కర్సర్ కదులుతుంది, బటన్ దగ్గరికి రాగానే మీట చేతికి ఓ చిన్న లాగుడు ఇస్తుంది. కాగితం మీద అద్భుతం. రివ్యూ మీటింగులో ఎవరైనా చప్పట్లు కొడతారు.

మౌస్ ఎందుకు పనిచేస్తుంది? ఆఫీసులో మన కళ్ళు ఎప్పుడూ స్క్రీన్ మీదే ఉంటాయి గనక. చెయ్యి ఎంత కదిపాం అన్నది ముఖ్యం కాదు, కర్సర్ ఎక్కడుందో చూసుకుంటూ సరిచేసుకుంటాం. నడిపేవాడి కళ్ళు రోడ్డు మీద ఉండాలి. కర్సర్ ఎక్కడుందో తెలియాలంటే స్క్రీన్ చూడాలి, బండి కుదిపితే మళ్ళీ చూడాలి. పాతకాలపు గుండ్రటి నాబ్‌కి ఈ బాధ లేదు, చీకట్లో కూడా వేళ్ళకి తెలుస్తుంది. చూపు రోడ్డు మీద ఉంచడానికి చేసిన ఏర్పాటు చూపుని స్క్రీన్ మీదకి లాగింది! 2015 తరంలోనూ ఆ మీట అలాగే ఉంది. 2019లో మార్పులు చేసినప్పుడు టచ్ స్క్రీన్ ఇచ్చారు గానీ మీట స్థానంలో టచ్‌ప్యాడ్ పెట్టారు. 2022లో గానీ పూర్తిగా తీసెయ్యలేదు. మొదటి ఆరెక్స్‌లో యూజర్ వెనకాలే నడిచి చూసిన కంపెనీ, తన సొంత ఐడియా మీద మోజుతో 13 ఏళ్ళు యూజర్ మాట వినిపించుకోలేదు. అలాంటి ఫీచర్ ఒక్కటైనా లేని ప్రొడక్టులో మీరు పనిచేసి ఉంటే మీరు అదృష్టవంతులు.

నాలుగో తరం 2015 ఏప్రిల్లో న్యూయార్క్ షోలో వచ్చింది. దారం కండెలా నడుం సన్నగా ఉండే ఆ పెద్ద గ్రిల్ ఇందులో మరీ పెద్దదైంది. అంతవరకు ఎవరి జోలికీ పోని మర్యాదస్తుడిలా ఉన్న బండి ఒక్కసారిగా మీసం మెలేసింది. నచ్చినవాళ్ళకి నచ్చింది. ఇక్కడ చెప్పుకోవాల్సింది ఆరెక్స్ ఎల్ గురించి. మూడో వరస సీట్లు కావాలని డీలర్లూ కస్టమర్లూ అడుగుతున్నారు. 2017 నవంబరులో ఇచ్చారు. ఎలా? చక్రాల మధ్య దూరం అలాగే ఉంచి, తోకని మాత్రం 110 మిల్లీమీటర్లు సాగదీశారు. సీట్లయితే వచ్చాయి, కాళ్ళు పెట్టుకునే చోటు రాలేదు. టిక్కెట్ క్లోజ్ అయింది, సమస్య కాలేదు. చివరికి అయిదో తరంలో ఆరెక్స్ ఎల్‌ని ఎత్తేసి, 2023లో టీఎక్స్ అని మూడు వరసల బండిని విడిగా చేశారు. మొదటే చెయ్యాల్సిన పని.

అయిదో తరం 2022 జూన్ 1న బయటపెట్టారు. కొత్త ప్లాట్‌ఫాం, జీఏ-కే అంటారు. పొడవు పెంచకుండా చక్రాల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు పెంచారు, బరువు సుమారు 90 కిలోలు తగ్గించారు. 24 ఏళ్ళు ఆరెక్స్ గుండెకాయలా ఉన్న వీ6 ఇంజిన్‌ని తీసేశారు. ఇప్పుడన్నీ నాలుగు సిలిండర్లే. ఒకటి 2.4 లీటర్ల టర్బో, ఒకటి 2.5 లీటర్ల హైబ్రిడ్, ఒకటి ఇంట్లో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే హైబ్రిడ్, ఇంకొకటి 366 హార్స్‌పవర్ ఇచ్చే టర్బో హైబ్రిడ్. వీటిలో 2.5 లీటర్ల 350హెచ్ అమెరికా లెక్కల్లో గ్యాలన్‌కి 36 మైళ్ళు (లీటరుకి సుమారు 15 కిలోమీటర్లు) ఇస్తుంది. నడుస్తున్న ఇంజిన్‌ని తీసి అవతల పెట్టడం ఎంత కష్టమో, పాత మాడ్యూల్‌ని డిలీట్ చెయ్యడానికి మేనేజర్‌ని ఒప్పించినవాళ్ళకి తెలుస్తుంది. ఇది మెచ్చుకోవాల్సిన పని.

ఇండియాలో దీని కథ చిన్నది. లెక్సస్ మన దేశానికి 2017 మార్చిలో వచ్చింది. అప్పుడు ఆరెక్స్ 450హెచ్ ధర 1.07 కోట్లు, అదీ ఎక్స్-షోరూమ్. అమెరికాలో యాభై వేల డాలర్ల పైచిలుకు పెట్టి కొనే బండి ఇక్కడికి వచ్చేసరికి దాదాపు మూడింతలు. ఆ ధర బండ్లు పూర్తిగా తయారై ఓడలో వస్తే అప్పట్లో 100 శాతం సుంకం ఉండేది, దానిమీద మళ్ళీ పన్నులు. అక్కడ పిల్లల్ని బడికి దింపే బండి ఇక్కడ సెలబ్రిటీ బండి అయింది అందుకే. వస్తువు ఒకటే, ఏ గేటు దగ్గర ఎవరు ఏ పేరు పెడతారు అన్నదాన్ని బట్టి దాని బతుకు మారిపోతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1998 ఆరెక్స్ పొడవు 4,575 మిల్లీమీటర్లు, ఇప్పటిది 4,890. అంటే ఒక అడుగు పెరిగింది. మైలేజీ హైబ్రిడ్‌లో రెండింతలైంది. మొదట్లో ఎగతాళి చేసిన తరహా నిర్మాణం ఇప్పుడు ప్రపంచమంతా పాకింది. 2022 నాటికి ఆరెక్స్‌లే సుమారు 35 లక్షలు అమ్ముడయ్యాయి. చట్టంలో ఆ సందుని కూడా కొంత మూశారు. 2011 మోడళ్ళ నుంచి, రెండు చక్రాలకే శక్తి వెళ్ళే చిన్న ఎస్‌యూవీలని కార్ల లెక్కలోకి మార్చారు. నాలుగు చక్రాలవి మాత్రం ఇంకా ట్రక్కులే.

మరి అప్పు తీరిపోయినట్టేనా? దీనికి జవాబు ఆరెక్స్ సొంత ఇంట్లోనే ఉంది. ఇప్పటి కామ్రీ కూడా అదే జీఏ-కే ప్లాట్‌ఫాం మీద తయారవుతుంది, 2025 మోడల్ నుంచి అన్నీ హైబ్రిడ్లే. అందులో మైలేజీ బాగా ఇచ్చే రకం గ్యాలన్‌కి 50 మైళ్ళు దాటుతుంది. అదే పునాది, అదే కుటుంబపు 2.5 లీటర్ల హైబ్రిడ్, అదే అయిదుగురు మనుషులు. ఆరెక్స్‌లో వెళ్తే 36. ఖరీదైన సామగ్రి బరువు, ఎత్తు, గాలి తోపుడు అన్నీ కలిపి ఆ 14 మైళ్ళ పైచిలుకు తేడా. 1998లో మొదలైన అప్పు మీద వడ్డీ అది. ఇంజినీర్లు పాతికేళ్ళు కష్టపడి అసలు తగ్గిస్తూ వచ్చారు, వడ్డీ మాత్రం పెట్రోలు బంకులో మనం కడుతూనే ఉన్నాం.

ఇందులో ఎవరినీ దొంగ అననక్కర్లేదు. కొండలెక్కే ట్రక్కు కావాలన్నవాడికి దానికన్నా నెమ్మదైన, ఒదిగి ఉండే బండి ఇచ్చారు, అది నిజంగా మంచి ఇంజినీరింగు. కానీ యూజర్‌ని అంత బాగా అర్థం చేసుకున్నవాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలిసే ఉంటుంది, అతనికి అసలు అవసరమైంది కామ్రీయే అని. ఆ మాట చెప్తే అమ్మకం ఉండదు. నా మటుకు నాకు ఆరెక్స్ నేర్పిన పాఠం ఇదే. యూజర్ చెప్పింది విని చెయ్యడం మొదటి మెట్టు. చెప్పనిది గమనించి చెయ్యడం రెండో మెట్టు, ఆరెక్స్ అక్కడిదాకా దర్జాగా ఎక్కింది. గమనించినదాంట్లో మనకి లాభం లేని భాగాన్ని కూడా అతనికి చెప్పడం మూడో మెట్టు. దానిమీద కాలు పెట్టిన ప్రొడక్టుని, కార్లలో గానీ మన సాఫ్ట్‌వేర్‌లో గానీ, నేనింతవరకు చూళ్ళేదు.